ఆరోగ్య పరిశోధనలో దత్తాంశ రకాలు: కరీంనగర్ సిజేరియన్ల లెక్క

ఆరోగ్య పరిశోధనలో దత్తాంశం అంటే మనుషుల గురించి కొలిచి, లెక్కించి లేదా వర్గాలుగా విడదీసి రాసుకున్న సమాచారం. బిడ్డ బరువు, తల్లి హిమోగ్లోబిన్ కొలతలు. ఇప్పటికి ఎన్ని కాన్పులన్నది లెక్క. ఈ రెండూ పరిమాణాత్మక దత్తాంశాలే. కాన్పు మామూలుగా అయిందా, ఆపరేషన్‌తోనా అన్నది గుణాత్మకం. దాన్ని శాతంగానే చెప్పగలం. రక్తహీనత స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా అన్నది క్రమ దత్తాంశం. కొలతను ఇలా వర్గాలుగా మార్చడం తేలిక, వర్గాల నుంచి కొలతను తిరిగి రాబట్టడం అసాధ్యం. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత అని మాత్రమే రాస్తే, 11.9 ఉన్నామె, 8.1 ఉన్నామె ఒకే గడిలో పడతారు. అందుకే ఏ రకం దత్తాంశం సేకరించామన్నదే ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో నిర్ణయిస్తుంది. ఉత్తర తెలంగాణ సిజేరియన్లే ఇందుకు నిదర్శనం.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం, తెలంగాణలో 60.7 శాతం, కరీంనగర్ జిల్లాలో 82.4 శాతం. ఇది నమూనా సర్వే కదా, ఎంతవరకు నమ్మాలన్నది మొదటి అభ్యంతరం. న్యాయమైన ప్రశ్నే. ఒక జిల్లాలో 250 కాన్పులు నమూనాలోకి వచ్చాయనుకుందాం. 82 శాతానికి అటూ ఇటూ సుమారు 5 శాతం పాయింట్ల తేడా రావచ్చు; ఊళ్లవారీగా గుంపులుగా ఎంచుకుంటే ఇంకాస్త ఎక్కువ. ఈ పరిధినే విశ్వాస అంతరం అంటారు. అయితే ఆ తేడానంతా తగ్గించుకున్నా కరీంనగర్ రాష్ట్ర సగటుకు చాలా పైనే ఉంటుంది. చుట్టుపక్కల జిల్లాల నుంచి కష్టమైన కాన్పులన్నీ కరీంనగర్ దవాఖానలకే వస్తాయి కాబట్టి అంకె పెరిగిందన్నది రెండో వాదన. దవాఖాన రిజిస్టర్ల లెక్కకైతే ఇది సరిపోతుంది. ఈ సర్వే మాత్రం ఇంటింటికీ వెళ్లి, అంతకు ముందు అయిదేళ్ల కాన్పుల గురించి తల్లులనే అడిగింది. మంచిర్యాల తల్లి కరీంనగర్‌లో కన్నా ఆమె మంచిర్యాల లెక్కలోకే వస్తుంది. హారం ఏమిటో చూసుకుంటే ఈ వాదన నిలవదు.

అయినా ఆ 82లో ఎన్ని అనవసరమన్నది ఈ దత్తాంశం చెప్పదు. అవును, కాదు అన్న జవాబులో కారణం ఉండదు. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఏ ఒక్క గర్భిణికీ వర్తించే కొలబద్ద కాదది. కారణం తెలియాలంటే కాన్పులను రాబ్సన్ పద్ధతిలో పది వర్గాలుగా విడదీయాలి. తొలి కాన్పులోనే కోతలు ఎక్కువా, పాత కోత ఉన్నవాళ్లకే మళ్లీ చేస్తున్నారా అన్నది అప్పుడు బయటపడుతుంది. తక్కువ శాతాన్ని కూడా అలాగే విప్పి చూడాలి. ఇదే సర్వేలో కుమురం భీం ఆసిఫాబాద్ శాతం బాగా తక్కువ; కానీ పట్నంలో అవసరం లేని ఆపరేషన్లు, అడవి గూడెంలో అవసరమున్నా అందని ఆపరేషన్ కలిసినా జిల్లా సగటు మామూలుగానే కనిపించవచ్చు. పాత సర్వేతో పోల్చడంలోనూ చిక్కుంది: 2016 అక్టోబరులో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయాయి. పేరు అదే అయినా 2015–16 నాటి కరీంనగర్ వేరు.

ముహూర్తాల కోసమే కోతలన్న మాటనూ పరీక్షించవచ్చు. కాన్పు తేదీ, సమయం ఉంటే చాలు. ఆపరేషన్లు పగటిపూట ఎక్కువగా జరగడం ఒక్కటే రుజువు కాదు; డాక్టర్ల పనివేళలూ అవే. పంచాంగంలో మంచి రోజులనూ మిగతా రోజులనూ అవే గంటల్లో పోల్చినప్పుడు, మొదటి వాటిలో ఆపరేషన్లు స్పష్టంగా ఎక్కువుంటేనే ఆ వాదనకు బలం.