రంగములో క్రిస్మసు

గాంగరాజుల కళింగనగరము శ్రీముఖలింగమేయని వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ చేరువ పర్వతాలపేటలోనే జన్మించిరి. శ్రీముఖలింగపు మధుకేశ్వరాలయ శిల్పములను గూర్చియు, తామ్రశాసనములను గూర్చియు పండితులు వ్రాసినది చాల కలదు, కాని ఆ యూరి చెంత పారు వంశధార సముద్రమున గలియు కళింగపట్నపు రేవున పొగయోడలెక్కి, కూలి వెదకికొనుచు రంగమునకు, అనగా రంగూనునకు, పోయిన జనులను గూర్చి వ్రాసినది బహుస్వల్పము. వారిలో క్రైస్తవ కుటుంబములును ఉండెను. ఆ కుటుంబములు వెంట గొనిపోదగిన ఆస్తి, నా దృష్టిలో, కీర్తనయే.

ఆ కీర్తనకు పుట్టినిల్లు ఈ సీమయే. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు నూటికి పైగా కీర్తనలు రచించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము విప్పిన, పాట తలకట్టున రాగము పేరు, తాళము పేరు, దాని క్రింద పల్లవి, అనుపల్లవి, చరణములు కానవచ్చును. ముందొకడు ఎత్తుకొన, తక్కినవారందుకొను ఆ భజనపద్ధతిలో చదువురానివానికిని చోటున్నది. చర్చి కట్టడమున్నను లేకున్నను, తాళములజోడు చేతనున్న నలుగురు కూడిన చోట పండుగ జరుగును. దొరలు నేర్పిన బాణీలకీ సౌలభ్యము లేదు.

సువార్త సైతము ఈ సముద్రమును ఇటునటు దాటినదే. కెనడా తూర్పుతీరపు బాప్టిస్టులు తొలుత కరెనుజాతివారికొఱకు బర్మా, సయాములకు పోయి, 1875 ప్రాంతమున తెలుగునాటికి మరలిరి. వారిలో ఆర్మ్‌స్ట్రాంగు దంపతులు శ్రీకాకుళమున పనిచేసి, పిదప బర్మాకే తిరిగిపోయి, అచ్చటి తెలుగు తమిళ ప్రవాసులకు పరిచర్య చేసిరి.

అయినను ప్రవాసమున పండుగ సుఖముగ సాగెననుట సత్యము కాదు. డిసెంబరనగా బర్మాలో వరికోతల కాలము. దానివెంటనే మిల్లులలోను, రేవులోను పని ముమ్మరించును. మనవారిని అచ్చటివారు చులకనగా కోరంగీలనిరి. 1930 మే నెలలో రంగూనున మనవారికిని బర్మావారికిని నడుమ రేవుకూలీల తగవు రక్తపాతమైనది. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడినవి. మరల సరిగా క్రిస్మసునాడే పడినవి. పిమ్మట లక్షలాది భారతీయులు ఇల్లుముంగిళ్లు విడిచి, పలువురు కాలినడకన అరకాను కొండలు దాటిరి. దారిలో మడిసినవారు అసంఖ్యాకులు.

మిగిలినవారిలో అనేకులను అచ్చటి ప్రభుత్వపు 1964 నాటి జాతీయీకరణము స్వదేశమునకు త్రోలివేసినది. విశాఖ కంచరపాలెమున బర్మాక్యాంపు అట్లు వచ్చినవారి పేటయే. రంగమునుండి వచ్చిన పెద్దలున్న ఇండ్లవారికి నా మనవి యొక్కటే: పెట్టె యడుగున పాత కీర్తనల పుస్తకమున్నచో పాతసామానులవానికి వేయకుడు; అచ్చట క్రిస్మసుకు ఏయే పాటలు పాడిరో వారినడిగి, అంచులలోనైనను వ్రాసియుంచుడు.