ధనంబోడు నుంచి లియోన్ దాకా

జగ్గయ్యపేట వాళ్లకు ధనంబోడు కొత్త కాదు. ఆ గుట్ట మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించి, శిల్పాల బొమ్మలతో, శాసనాలతో 1887లో గ్రంథం అచ్చు వేయించారు. మాంధాత చక్రవర్తి పలక నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నా, అది మన ఊరిదని చెప్పే గట్టి సాక్ష్యం ఆ గ్రంథం.

అలాంటి సాక్ష్యం విలువ ప్రకాశం జిల్లా చందవరం చెబుతుంది. గుండ్లకమ్మ ఒడ్డునున్న ఆ బౌద్ధ క్షేత్రంలో దొంగలు శిల్పాలు ఎత్తుకుపోయారు. వాటిలో ఒక పలకను 2005లో కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. అది చందవరంలో ఉండగా తీసిన ఫోటో బయటపడ్డాక, 2016లో పలక మన దేశానికి తిరిగొచ్చింది.

ఇంటర్‌పోల్ అనగానే దేశాలు తిరిగి దొంగల్ని పట్టే పోలీసులు గుర్తొస్తారు. నిజానికి ఆ సంస్థ ఎవరినీ అరెస్టు చేయదు. 1923లో వియన్నాలో పుట్టి, ఇప్పుడు ఫ్రాన్స్‌లోని లియోన్ కేంద్రంగా 196 దేశాల పోలీసుల మధ్య సమాచారం చేరవేస్తుంది. 1949లో చేరిన మన దేశం తరఫున ఆ పని చూసేది సీబీఐ. తమిళనాడు విగ్రహాల కేసులో సుభాష్ కపూర్ 2011లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్ పోలీసులకు చిక్కింది ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు వల్లే. మరుసటి ఏడాది అతణ్ణి మనకు అప్పగించారు.

పోయిన శిల్పం ఫోటో, కొలతలు, గుర్తులు స్టేషన్ నుంచి సీబీఐ ద్వారా లియోన్ చేరితేనే చోరీ కళాఖండాల జాబితాకు ఎక్కుతుంది. మరి ఫోటోయే లేకపోతే?

ఒకప్పటి నందిగామ తాలూకా గుమ్మడిదుర్రులో తవ్వకాల్లో దొరికిన శిల్పాలు లెక్కకెక్కాయి. కానీ మన ఊళ్లలో గుడి వెనక, చెరువు గట్టున పడివున్న వీరగల్లులు, నాగశిలలు, శాసనపు ముక్కల సంగతేమిటి? రేపు అవి పోతే "పాతకాలపు రాయి పోయింది" అని మాత్రమే రాయించగలం. ఆ ఒక్క మాట పట్టుకుని ఏ దేశపు పోలీసులు మాత్రం ఏం వెతుకుతారు?

అందుకే పూర్వ విద్యార్థి మిత్రులకూ, గురువులకూ నాదొక మనవి. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో సొంతూరు వెళ్లినప్పుడు అలాంటి రాళ్లను కదపకుండా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. పొడవు, వెడల్పు, చోటు, తేదీ రాయండి. ఒక ప్రతి మన బడి లైబ్రరీకి, మరొకటి పురావస్తు శాఖకు ఇద్దాం. బర్జెస్ ధనంబోడుకు చేసిన పని, మన ఊళ్లకు మనమే చేసుకుందాం.