ఎతిమరపు రజని: ఆట, ఆదాయం

ఎతిమరపు రజని (జననం 9 జూన్ 1990) భారత మహిళా హాకీ జట్టుకు ఆడిన గోల్‌కీపర్. స్వగ్రామం ఎర్రావారిపాలెం మండలంలోని యనమలవారిపల్లె. పత్రికల్లో ఇంటిపేరు ఎతిమరపు, ఎతిమార్పు అని రకరకాలుగా అచ్చయింది, జట్టు జాబితాల్లో ఇ. రజనిగానూ కనబడుతుంది. ఆమె ఆడిన కాలంలో చాలా భాగం ఆ మండలం చిత్తూరు జిల్లాలోనే ఉంది. 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాకు మారింది. వడ్రంగం మీద బతికిన కుటుంబం ఆమెది.

హాకీ క్రీడాకారుల సంపాదనను ఒక్క అంకెలో చెప్పడం ఉత్తర అమెరికా ఐస్ హాకీకి చెల్లుతుంది. అక్కడి జాతీయ లీగ్‌లో కనీస వేతనమే 2024–25 సీజనుకు 7,75,000 డాలర్లు, ఎవరి ఒప్పందం ఎంతో అందరికీ తెలుసు. మన మైదానపు హాకీలో అలాంటి ఖాతా లేదు. ఉద్యోగపు జీతం, ప్రభుత్వాల నజరానా, సమాఖ్య బహుమతి, పింఛను, ఈ మధ్య లీగ్ వేలం అన్నీ కలిస్తే ఆటగాడి రాబడి. పాత తరంలో ఉద్యోగమే ప్రధానం. హైదరాబాద్‌కు చెందిన ఎన్. ముకేశ్ కుమార్ (1992, 1996, 2000 ఒలింపిక్స్, 1995 అర్జున, 2003 పద్మశ్రీ) ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగిగానే ఆడారు. రజని దేశవాళీ పోటీల్లో రైల్వే తరఫున ఆడింది.

కొన్ని పరిచయాలు రజనిని 2016 రియో ఒలింపియన్ అని రాస్తాయి. ఆ 16 మంది జాబితాలో ఉన్న గోల్‌కీపర్ సవిత ఒక్కతే. రజని పేరు అదనపు క్రీడాకారిణుల్లో ఉంది కాబట్టి ఈ వ్యాసం ఆ లెక్కనే తీసుకుంటోంది. టోక్యో ఒలింపిక్స్‌లోనూ (2021లో జరిగింది) దాదాపు ఇదే జరిగింది. అక్కడ ఆమె రిజర్వ్ గోల్‌కీపర్. కారణం ఆటలో తక్కువ, నిబంధనలో ఎక్కువ. ప్రపంచకప్, ఆసియా క్రీడల వంటి పోటీలకు 18 మందిని తీసుకోవచ్చు గనుక ఇద్దరు కీపర్లు పడతారు. ఒలింపిక్స్‌కు 16 మందే కాబట్టి రెండో కీపర్ చోటును జట్లు ఫీల్డ్ ప్లేయర్‌కు ఇచ్చేస్తాయి. అందుకే రజని పేరు 2017 ఆసియా కప్ (స్వర్ణం; ఫైనల్లో చైనాపై షూటౌట్ గెలుపు), 2018 ప్రపంచకప్, 2018 ఆసియా క్రీడల (రజతం) జట్లలో ఉంది, ఒలింపిక్ జాబితాల్లో మాత్రం అంచున ఆగింది. బెంచీ మీద కూర్చోవడం కూడా పనే. దానికి విడిగా వెల కట్టినవాళ్లు లేరు.

నగదు రూపంలో పెద్ద మొత్తాలు టోక్యో ఏడాదిలోనే వచ్చాయి, లేదా వస్తాయని చెప్పారు. 2021 జూన్ చివర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బ్యాడ్మింటన్ క్రీడాకారులు సింధు, సాత్విక్‌సాయిరాజ్‌లకు, రజనికి తలా 5 లక్షల రూపాయలు ఇచ్చింది. మహిళల జట్టు కాంస్య పతకపు మ్యాచ్‌లో బ్రిటన్ చేతిలో 3–4తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాక, ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి రజనికి 25 లక్షల నగదు, తిరుపతిలో 1000 గజాల ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగం, నెలకు 40 వేల ప్రోత్సాహకం ప్రకటించారు. ఇదే సందర్భంలో అంతకుముందు ప్రభుత్వ కాలంలో ప్రకటించి ఇవ్వకుండా మిగిలిన బకాయిలు 67.50 లక్షలు విడుదల చేయాలని ఆదేశించినట్టు వార్తలు వచ్చాయి. ఈ బకాయి అంకెను అన్నిటికన్నా ముఖ్యంగా చూడాలి. నజరానా ప్రకటించిన రోజు వేరు, చేతికందిన రోజు వేరు. ఆటగాళ్ల సంపాదనను ప్రకటనలు కూడి లెక్కగట్టేవాళ్లు ఈ తేడాను వదిలేస్తుంటారు.

ఏ రాష్ట్రంలో పుట్టామన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. అదే నాలుగో స్థానానికి హర్యానా తన క్రీడాకారిణులకు తలా 50 లక్షలు ప్రకటించింది. సవిత హర్యానా అమ్మాయే.

2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి మహిళల హాకీ ఫైవ్స్ (జట్టుకు ఐదుగురు ఆడే హాకీ) ప్రపంచకప్‌లో రజని భారత జట్టు కెప్టెన్. ఫైనల్లో నెదర్లాండ్స్ 7–2తో గెలిచింది. రజతానికి జాతీయ సమాఖ్య హాకీ ఇండియా తలా 3 లక్షలు ప్రకటించింది. సీనియర్ జట్టు గెలిచిన ప్రతి మ్యాచ్‌కు క్రీడాకారులకు 50 వేలు ఇచ్చే పద్ధతి కూడా ఆ సంస్థకు ఉంది.

లీగ్ డబ్బు రజని తరానికి ఆలస్యంగా వచ్చింది. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్ 2017తో ఆగి, 2024–25లో తిరిగి మొదలైనప్పుడే మహిళల విభాగం చేరింది. ఆ సీజనులో పురుషుల జట్టుకు 4 కోట్లు, మహిళల జట్టుకు 2 కోట్లు ఖర్చు పెట్టే వీలుండేది. ఆ వేలంలో అత్యధిక ధర పురుషుల్లో హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 78 లక్షలు, మహిళల్లో ఉదితకు 32 లక్షలు.

ఆట ముగిశాక శిక్షణవైపు వెళ్లడం మామూలే. అయితే ఆ దారిలో సాధారణంగా వినపడే పెద్ద మొత్తాలు కోచ్‌ జీతానివి కావు, ఆట గుర్తుగా వచ్చినవి. పురుషుల జట్టు గోల్‌కీపర్ శ్రీజేశ్ పారిస్ ఒలింపిక్స్ కాంస్యంతో 2024లో విరమించి జూనియర్ పురుషుల జట్టు కోచ్ అయ్యాడు. వీడ్కోలు సభలో హాకీ ఇండియా అతనికి 25 లక్షలు ప్రకటించింది, కేరళ ప్రభుత్వం విడిగా 2 కోట్లు ప్రకటించింది. అదే ఏడాది మహిళల జట్టు మాజీ కెప్టెన్ రాణి రాంపాల్ విరమించినప్పుడు హాకీ ఇండియా 10 లక్షలు ఇచ్చింది. ఆమె లీగ్‌లో సూర్మా మహిళల జట్టుకు కోచింగ్ వైపు వెళ్లింది.

కేంద్ర క్రీడా పింఛను పథకంలో 2018 నుంచి ఒలింపిక్ పతక విజేతలకు నెలకు 20 వేలు, ఆసియా క్రీడల రజత, కాంస్య విజేతలకు 12 వేలు. ముప్పై ఏళ్లు నిండాలి, పోటీ ఆట నుంచి విరమించాలి. 2018 రజతం మీద రజనికి వర్తించే శ్లాబు రెండోది.