పాళఛతు గదిలో మే నెల మధ్యాహ్నం

చెప్పులు బయటే విప్పండి. బ్లీచింగు నీళ్ళ పళ్ళెంలో కాళ్ళు తడుపుకుని, వంగి లోపలికి రండి. తలుపుకు వేలాడే తడి గోనెపట్టా మీ వెనకే మూసుకుంటుంది.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్ళే దారి పక్కన తాటాకు పాక, అందులో పాలిథిన్ గుడారం. మధ్యాహ్నం రెండు దాటింది. ముందు మీ కళ్ళద్దాలు మసకబారతాయి. తర్వాత చొక్కా వీపుకు అంటుకుంటుంది. నానిన వరిగడ్డి వాసన గుప్పుమంటుంది. ఆ వాసన ఉన్నంతసేపు భయం లేదు. అమోనియా ఘాటు ముక్కుకు తగిలిందా, గడ్డి బెడ్డు కుళ్ళుతున్నట్టే.

ఇక్కడ పెరిగేది వరిగడ్డి పుట్టగొడుగు. ఒడియాలో పాళఛతు. 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీది కాబట్టి ఈ పాకలో రెండు భాషలూ కలిసే నడుస్తాయి.

వాసానికి కట్టిన మీటరు చూడండి. వేడి 33 డిగ్రీలు, తేమ 86 శాతం. మీకు ఉక్కపోత, దీనికి హాయి. బటన్ పుట్టగొడుగుకైతే 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి, అంటే ఏసీ, కరెంటు బిల్లు. పాళఛతుకు గడ్డిలో బూజు పాకేటప్పుడు 32 నుంచి 35, గొడుగు కట్టేటప్పుడు 28 నుంచి 32 ఉంటే చాలు. తేమ మాత్రం 80 దిగకూడదు. ఈ గంజాం జిల్లా పల్లెల్లో ఇది అంతగా పాకడానికి అదే కారణం: డబ్బు పెట్టి కొనాల్సిన వాతావరణం ఇక్కడ ఊరికే దొరుకుతుంది. కానీ మే నెలలో కాస్త ఎక్కువే దొరుకుతుంది.

వంగి చూడండి. గడ్డి అంచుల్లో తెల్లటి చుక్కలు. ఆవగింజంత కొన్ని, శనగగింజంత కొన్ని. నిన్న రాత్రి లేవు. ఇవి బతికితేనే పంట.

ఫ్యాను ఆగింది.

కరెంటు పోయింది. చెవుల్లో ఒక్కసారిగా నిశ్శబ్దం. మీటరు 35. బెడ్డులోకి వేలు గుచ్చండి. చురుక్కుమంటుంది, గదికన్నా వేడి. గడ్డిని తింటూ బూజు ఊపిరి పీలుస్తుంది, వేడినీ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. కాబట్టి ఎండ ఒక్కటే కాదు, పంట కూడా గదిని కాలుస్తోంది.

36.

మీ చెయ్యి స్ప్రేయరు మీదకు పోతుంది. కొత్తవాళ్ళందరిదీ అక్కడికే పోతుంది.

"నీళ్ళొద్దు బాబూ!" గుమ్మంలోంచి ఈ పాక నడిపే అప్ప కేక. "మొగ్గ మీద సుక్క పడితే కుళ్ళిపోద్ది."

ఆమె మాట నిజం. పైగా నీరు ఆవిరైతేనే చల్లదనం. సముద్రం దగ్గరి ఈ గాలి ఇప్పటికే తేమతో నిండుగా ఉంది. మీ చెమటే ఆరడం లేదు, చల్లిన నీళ్ళు ఎలా ఆరతాయి?

37.

పక్కలన్నీ ఎత్తేస్తే? వేడి పోతుంది. తేమా పోతుంది. మొగ్గలు వడిలిపోతాయి.

"పైది తియ్యి. తూరుపుది కింద జానెడే ఎత్తు."

తాడు లాగండి. ముడి బిగిసింది. 38. మళ్ళీ లాగండి. ఊడింది! పైన కంత తెరుచుకుంది. ముఖానికి తగిలిన ఆవిరి పైకి పోతోంది. కింద తూర్పు పట్టా ఎత్తండి. జానెడే. ఆగండి.

గోనె కదిలింది. సముద్రపు గాలి.

36. కాసేపటికి 34. తేమ 79కి దిగింది. నీళ్ళు ఇప్పుడు. బెడ్ల మీద కాదు, నేల ఇసుక మీద. 84. చాలు, ఆపండి. పై కంత మాత్రం సాయంత్రం దాకా తెరిచే ఉంచండి. లోపలి వాయువు బయటికి పోకపోతే మొగ్గలు ఎదగవు.

ఈ చుక్కలు కొద్ది రోజుల్లో చిన్న కోడిగుడ్డంత అవుతాయి. గుడ్డు పగిలి గొడుగు విచ్చుకోవడానికి కొన్ని గంటలే పడుతుంది, విచ్చుకుంటే ధర పడిపోతుంది. అందుకే చీకటితోనే మెలితిప్పి కోసి, తెల్లారేసరికి బజారుకు చేరుస్తారు.

మీరు కొంటే ఫ్రిజ్‌లో పెట్టకండి. మిగతా కూరల్ని కాపాడే చలి దీన్ని నీరుగార్చేస్తుంది. గాలి తగిలే బుట్టలో ఉంచి, ఆ పూటే వండుకోండి.