టైడా జంగిల్ బెల్స్
ఉత్తరాంధ్రలో విశాఖపట్నం–అరకు రోడ్డు పక్కన, తూర్పు కనుమల అడవిలో ఉన్న పర్యాటక విడిది. దీన్ని ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ నెలకొల్పింది. టైడా గ్రామం అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, విశాఖకు సుమారు 75 కి.మీ. దూరంలో ఉంది.

బస: కొండవాలున చెట్ల మధ్య కట్టిన చెక్క కుటీరాలు. కొండబాటల్లో నడక, పక్షుల పరిశీలన ఇక్కడి ప్రధాన ఆకర్షణలు.

సమీప ప్రదేశాలు: బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు, అరకు లోయ.

రవాణా: హైదరాబాద్ వాసులు శంషాబాద్ విమానాశ్రయం నుంచి విశాఖ చేరి, అక్కడి నుంచి రోడ్డు మార్గంలో రావచ్చు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో టైడా స్టేషన్ ఉంది.

కాలం: సందర్శనకు అక్టోబరు–ఫిబ్రవరి అనువైనది. చలికాలపు రాత్రుళ్లకు ఉన్ని దుస్తులు అవసరం.