నడివయసు శ్రామికుడి నాటకం: 1950ల అమెరికన్ టెలివిజన్‌లో ఒక అధ్యాయం

పెద్ద సంఘటనలేవీ లేకుండా, ఏదో ఒక పనిలో సగం జీవితం గడిపిన మనిషి తన బతుకు ఇక పాత దారిన సాగదని గ్రహించే కొద్ది రోజులను మాత్రమే చూపించే టెలివిజన్ నాటకం ఈనాడు అనేక దేశాల్లో కనిపిస్తున్నా, దానికి ఒక స్పష్టమైన రూపం ఏర్పడినది 1950లలో, అమెరికాలో ప్రత్యక్ష ప్రసార నాటకాలు వెలుగొందిన కాలంలో. ఆ రూపాన్ని రచయితల ఆదర్శాలే సృష్టించాయని చెప్పడం పరిపాటి గాని, అందులో సగం ఘనత స్టూడియో ఇరుకుతనానికి దక్కాలి.

ఆనాటి నాటకం నటులు ఆడుతున్న క్షణంలోనే ఇళ్లకు చేరేది. ఆంపెక్స్ సంస్థ వీడియోటేప్ యంత్రాన్ని 1956లో గాని ప్రదర్శించలేదు. అంతకుముందు ఉన్న ఒకే సాధనం కినెస్కోప్, అంటే టెలివిజన్ తెర మీద కదిలే బొమ్మను ఎదురుగా ఫిల్మ్ కెమెరా పెట్టి చిత్రీకరించే పద్ధతి. దానిలో బొమ్మ మసకబారేది. దిద్దుకోవడానికి వీలులేని ఈ ఏర్పాటులో గుర్రపు స్వారీలకు, జనసమూహాలకు చోటు లేదు. రెండు మూడు గదుల సెట్లు, కొద్దిమంది నటులు, గంటలో ప్రకటనలు పోగా మిగిలిన సమయం, ముఖం తప్ప మరేదీ స్పష్టంగా పట్టని చిన్న తెర: ఇవే రచయితకు దక్కిన వనరులు. కథ మనిషి లోపల జరగక తప్పని పరిస్థితి అది. పైగా 1950లో అమెరికాలో నూటికి సుమారు తొమ్మిది ఇళ్లలోనే టెలివిజన్ ఉండేది, అవీ ఎక్కువగా పట్టణాల్లోనే. అందువల్ల న్యూయార్క్ వీధుల యాసలో మాట్లాడే పాత్రలకు చెవి ఒగ్గే ప్రేక్షకులు మొదట్లోనే సిద్ధంగా ఉన్నారు.

ఈ పరిమితులను బలంగా మార్చుకున్నవారిలో ముందుగా చెప్పవలసిన పేరు ప్యాడీ చయెఫ్‌స్కీ. ఎన్‌బీసీలో ఫిల్కో, గుడ్‌ఇయర్ సంస్థలు వారం విడిచి వారం ప్రాయోజకులుగా ఉన్న ఆదివారపు నాటక కార్యక్రమానికి నిర్మాత ఫ్రెడ్ కో. ఆ కార్యక్రమంలో 1953 మే 24న చయెఫ్‌స్కీ రాసిన ‘మార్టీ’ ప్రసారమైంది. ఒక హోటల్ నాట్యశాలలో వేరే నాటకానికి రిహార్సల్ జరుగుతుండగా, నాట్యానికి పిలిచిన మగవాణ్ణి చిన్నబుచ్చవద్దని యువతులను కోరుతూ గోడకు పెట్టిన ప్రకటన ఆయన కంట పడిందనీ, కథకు బీజం అదేననీ ప్రసిద్ధి. నాయకుడు బ్రాంక్స్ ప్రాంతంలో మాంసం కొట్టులో పనిచేసే ముప్పై ఆరేళ్ల ఇటాలియన్ సంతతి బ్రహ్మచారి. తమ్ముళ్లు, చెల్లెళ్లు అందరూ పెళ్లిళ్లు చేసుకున్నారు, కొట్టుకు వచ్చిన ప్రతి ఆడమనిషీ నీ పెళ్లి ఎప్పుడని అడుగుతుంది, స్నేహితులతో ఈ సాయంత్రం ఏం చేద్దామన్న ప్రశ్నకు ఎన్నడూ జవాబు దొరకదు. నాట్యశాలలో ఒక ఉపాధ్యాయురాలు పరిచయం కావడం, తల్లి, స్నేహితులు ఆమెను తీసిపారేసినా అతడు చివరకు ఫోన్ చేయడం, ఇంతే కథ. డెల్బర్ట్ మాన్ దర్శకత్వంలో రాడ్ స్టైగర్ ఆ పాత్రను పోషించాడు. దొంగచాటుగా విని రాసుకున్నట్టుండే సంభాషణే చయెఫ్‌స్కీ లక్ష్యం. మాటలు తిరిగి తిరిగి అక్కడికే రావడం అందులో లోపం కాదు, పద్ధతి. రెండేళ్ల తర్వాత సినిమాగా మారిన ‘మార్టీ’ కాన్ ఉత్సవంలో పామ్ డోర్, ఆపైన ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందింది.

రాడ్ సెర్లింగ్ ఇదే వస్తువును కొట్టు నుంచి కార్యాలయానికి తెచ్చాడు. 1955 జనవరి 12న క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్‌లో వచ్చిన ‘ప్యాటర్న్స్’లో, దశాబ్దాలుగా ఒకే సంస్థలో పనిచేసిన ఆండీ స్లోన్ అనే అధికారిని యజమాని నేరుగా తొలగించడు, సమావేశాల్లో పదిమంది ఎదుట అవమానిస్తూ తనంతట తానే వైదొలగేలా ఒత్తిడి పెడతాడు, అతడి కుర్చీ కోసం తెచ్చిన చిన్నవాడు ఇదంతా చూస్తూ కూర్చోవలసి వస్తుంది. ప్రేక్షకుల కోరికపై నాటకాన్ని ఫిబ్రవరి 9న మళ్లీ ప్రసారం చేశారు. మళ్లీ వేయడమంటే ఆ రోజుల్లో నటులందరూ స్టూడియోకు తిరిగి వచ్చి మొదటి నుంచి ఆడటమే.

1956 అక్టోబర్ 11న సీబీఎస్ ‘ప్లేహౌస్ 90’ ప్రసారం చేసిన సెర్లింగ్ నాటకం ‘రిక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్’ ఈ వరుసలో అన్నింటికన్నా లోతైనది. ముప్పైలు దాటిన బాక్సర్ మౌంటెన్ మెక్లింటాక్‌ను ఇక బరిలోకి దిగరాదని వైద్యుడు శాసించగా, పిడికిళ్లు తప్ప వేరే విద్య ఎరుగని ఆ మనిషి ఉపాధి కార్యాలయంలో దరఖాస్తు ముందు కూర్చుంటాడు. అప్పుల్లో కూరుకున్న మేనేజర్ అతడిని వేషం కట్టించి కుస్తీ పోటీల్లో నవ్వులపాలు చేయాలని చూస్తాడు. జాక్ పాలన్స్ నాయకుడు, కీనన్ విన్ మేనేజర్. శిక్షకుడి పాత్ర కీనన్ తండ్రి ఎడ్ విన్‌ది. వాడెవిల్, అంటే పాటలు, హాస్యం, గారడీ కలగలిసిన రంగస్థల వినోదంలో జీవితమంతా గడిపి డెబ్బైకి చేరువైన ఆ హాస్యనటుడు గంభీర పాత్రకు లొంగక రిహార్సళ్లలో ఎంతగా తడబడ్డాడంటే, ఆయనకు తెలియకుండా మరొకరిని సిద్ధంగా ఉంచారు. ప్రసారం రోజున ఆయన నిలబడ్డాడు. టెలివిజన్‌లో మౌంటెన్ రైలెక్కి సొంత ఊరికి బయలుదేరుతాడు. 1962 నాటి సినిమాలో మాత్రం వేషం కట్టి బరిలో నిలుస్తాడు. సినిమా ముగింపు కఠినమైనదే గాని, కథలోని లెక్కకు అదే సరిపోతుంది.

ఇటువంటి నాటకాలకు డబ్బు పెట్టినవారికి వాటితో ఒక ఇబ్బంది ఉండేది. మాత్రతోనో, కొత్త సరుకుతోనో ఏ కష్టమైనా నిమిషంలో తీరుతుందని నమ్మించే ప్రకటనల నడుమ, తేలికగా తీరని కష్టాన్ని గంటసేపు చూపడం ప్రాయోజకులకు మింగుడుపడలేదని ప్రసార చరిత్రకారుడు ఎరిక్ బార్నో వివరించాడు. రచనలోనూ వారి చేయి ఉండేది: ఎమెట్ టిల్ అనే నల్లజాతి బాలుడి హత్య ప్రేరణతో సెర్లింగ్ రాసిన నాటకాన్ని 1956లో యుఎస్ స్టీల్ కార్యక్రమంలో గుర్తుపట్టలేనంతగా మార్చి గాని ప్రసారం కానివ్వలేదు. 1955లో మొదలైన భారీ బహుమతుల క్విజ్‌లు, హాలీవుడ్‌లో ఫిల్మ్ మీద తీసిన కౌబాయ్ కథలు ప్రేక్షకులను లాక్కుపోయాయి. గుడ్‌ఇయర్ కార్యక్రమం 1957లో, క్రాఫ్ట్ 1958లో ఆగిపోయాయి.

ఈ సంప్రదాయం తర్వాత బ్రిటన్‌లో వేళ్లూనింది. బీబీసీ 1957లోనే ‘రిక్వియమ్’ను తిరిగి నిర్మించగా, అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని షాన్ కానరీ బాక్సర్‌గా నటించాడు. అక్కడ ప్రకటనలు లేని ప్రజాప్రసార సంస్థ ఉండటం పెద్ద వెసులుబాటు. ఆ వెసులుబాటు ఫలితం 1982లో అలన్ బ్లీస్‌డేల్ రాసిన ‘బాయ్స్ ఫ్రమ్ ద బ్లాక్‌స్టఫ్’లో కనిపిస్తుంది, లివర్‌పూల్‌లో రోడ్లకు తారు వేసే పని పోగొట్టుకున్న ముఠా కథ అది. దేశంలో నిరుద్యోగులు ముప్పై లక్షలు దాటిన ఆ సంవత్సరంలో, పనివ్వండి అంటూ కనబడినవారినల్లా నిలదీసే యాసర్ హ్యూస్ పాత్ర మాట జనం నోళ్లలో నానింది. బీబీసీ రెండో ఛానెల్‌లో వచ్చిన ఆ ఐదు భాగాలను కొద్ది వారాలకే, 1983 ఆరంభంలో, మొదటి ఛానెల్‌లో మళ్లీ ప్రసారం చేశారు. అప్పటికి టేపు ఉంది కాబట్టి నటులను తిరిగి పిలవవలసిన పని లేకపోయింది.