దండు ఆశయైన కథ

ఆంగ్లమున 'ఫర్లార్న్‌లీ' అను క్రియావిశేషణము కలదు. దిక్కుతోచక, ఆశ యుడిగి, ఒంటరియై అని దాని భావము. నిరాశను దెల్పు మాటలు ఆ భాషలో వేరే లేకపోలేదు. కాని యింత చరిత్రను మోయుచున్నవి అరుదు.

ప్రాచీనాంగ్లమున 'ఫర్లేయొసన్' అనగా పూర్తిగా పోగొట్టుకొనుట. దాని భూతకృదంతము 'ఫర్లొరెన్'. ధాతువులోని సకారము కృదంతమున రేఫ మెట్లయ్యెను? ఈ చిక్కును విప్పినవాడు డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నెర్. ప్రాచీనకాలమున స్వరము ఏ అక్షరముపై నిలిచెనో దానినిబట్టి హల్లులు మారెనని 1877లో వెలువడిన వ్యాసమున నిరూపించెను. అందులకు సాక్ష్యము మన వేదస్వరమే! 'పితృ' శబ్దమున ఉదాత్తము కడపట, 'భ్రాతృ' శబ్దమున మొదట నుండుట ఆయనకు దారి చూపినది.

'హోప్‌లెస్' అను మాటలోని 'లెస్' కూడ ఈ ధాతుకుటుంబములోనిదే. చివరి 'లీ' ఒకప్పుడు శరీరమను అర్థముగల పదము. మన 'గా' అనునది 'అగు' ధాతువునుండి వచ్చినట్లే, అదియు అరిగి ప్రత్యయమైనది.

అసలు విశేషము 'ఫర్లార్న్ హోప్' అను జంటపదమున గలదు. 16వ శతాబ్దమున ఆంగ్లేయులు డచ్చివారి 'వెర్లోరెన్ హోప్' అను సైనికపదమును ఎరువు తెచ్చుకొనిరి. అందు 'హోప్' అనగా గుంపు, దండు. కోటగోడకు గండి పడగానే అందరికంటె ముందు చొరబడు దళమన్నమాట. తిరిగి రాదని ముందే లెక్క వ్రాసికొన్న దళము. ఫ్రెంచివారు వీరిని 'పోయిన బిడ్డలు' అనిరి. ఆ పేరులో కొంత జాలి యున్నది. ఆంగ్లేయుల చెవికి మాత్రము డచ్చి 'హోప్' తమ 'ఆశ'గా వినిపించెను. క్రమముగా ఆ జంటపదమునకు ఫలింపని ఆశ యను అర్థమే స్థిరపడినది. పామరవ్యుత్పత్తికి ఇంతకన్న చక్కని ఉదాహరణము కావలయునా?

అట్టి దళములు మన దక్షిణదేశమునను నడచినవి. 1799 మే 4వ తేదీ మధ్యాహ్నము జనరల్ బెయర్డు శ్రీరంగపట్టణపు గండిమీదికి సేనను రెండు పాయలుగా నడిపెను. ఒక్కొక్క పాయకు ముందు ఒక సార్జెంటు, పన్నిద్దరు సైనికులు కదలిరి. దాడిసేనలో నిజాము సిపాయీలును కలరు. ఆ దినముననే టిప్పూ సుల్తాను నేలకొరిగెను.

ఆ మొదటి యిరువదియార్గురును స్వచ్ఛందముగా వచ్చినవారే. మృత్యుముఖమున కేల పోయిరని శ్రోతలు అడుగవచ్చును. ఇట్టి దళములను నడిపి బ్రతికివచ్చిన అధికారికి పదవి పెరుగుట ఆంగ్లసేనలో వాడుక. అందుచే పోటీపడి పేరిచ్చినవారును కలరు. డచ్చి మాటలో లేని ఆశ వారికడ కొంత యుండెను.